హైవే దిగితే... మొరం బాటే!

కోదాడ నుంచి మెసేజ్ వచ్చింది. ‘అన్నా, యాప్‌లో నీ రూట్ చూసినం. ఈ ఆదివారం ఏడుగురం పోతున్నం. ఇద్దరికి ఈత రాదు. పర్లేదు కదా?’

శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో మీటింగ్ నడుస్తోంది. సైకిల్ తొక్కడానికి ఈతెందుకు అని నవ్వొచ్చింది. థంబ్స్ అప్ పెట్టబోయి ఆగిపోయాను.

ఆ రూట్ నేను తొక్కింది మే నెలలో. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట మీద, కోదాడ నుంచి నడిగూడెం వైపు. అప్పుడు కాలువలో చుక్క నీరు లేదు. అడుగున మేకలు తిరుగుతున్నాయి. ఇంటికొచ్చి ఆ ట్రాక్‌ని యాప్‌లో పెట్టి, కింద ‘ఈజీ, ఫ్యామిలీతో వెళ్లొచ్చు’ అని రాశాను. ఇప్పుడు జనవరి. సంక్రాంతి వెళ్లి వారమైంది. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. కాలువ నిండుగా పారుతూ ఉంటుంది.

‘ఆదివారం వరకూ ఆగండి తమ్ముడూ, చెప్తా’ అని రిప్లై ఇచ్చి ఆ రాత్రే బస్సెక్కాను.

ఏంటీ గ్రావెల్ బైక్?

చూడ్డానికి రేసు సైకిల్‌లాగే ఉంటుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. తేడా అంతా టైర్లలో. రోడ్డు సైకిల్‌కి 25 నుంచి 32 మిల్లీమీటర్ల సన్నని టైర్లుంటే, దీనికి 40 మిల్లీమీటర్ల పైనే. ట్యూబ్ ఉండదు. లోపల జిగురు లాంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగితే ఆ ద్రవమే కన్నాన్ని పూడ్చేస్తుంది. డిస్క్ బ్రేకులు, తేలికైన గేర్లు. తారు రోడ్డు మీద వేగం, మట్టి మీద పట్టు... రెండూ కావాలనుకునేవాళ్ల కోసం పుట్టిన బండి ఇది.

ఈ ఆట అమెరికాలో బాగా ముదిరింది. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో 34 మందితో ఒక రేసు మొదలైంది. పశువులు మేసే గడ్డి కొండల మధ్య, చెకుముకి రాళ్లు పరిచిన దారుల్లో ఒకే రోజు 200 మైళ్లు, అంటే దాదాపు 320 కిలోమీటర్లు తొక్కాలి. ఇప్పుడు దాన్ని ‘అన్‌బౌండ్ గ్రావెల్’ అంటారు, వేలమంది వస్తారు. 2022లో ఇటలీలో గ్రావెల్‌కి మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టారు.

ఇదంతా యూట్యూబ్‌లో చూసి నేను సైకిల్ కొన్నాను. లక్షా పాతిక వేలు. నాన్న ఒకటే మాట అన్నారు: ‘ఆ పైసలకు మంచి బండి వస్తది కదరా, పెట్రోల్ పోస్తే అదే పోతది.’ అప్పట్నుంచీ దారిలో ఎవరు ధర అడిగినా ‘పన్నెండు వేలు’ అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. అడగని ఊరు లేదు.

మొదట్లో హైదరాబాద్‌లో ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీదే తిరిగేవాణ్ని. 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు, బాగుంటుంది. కానీ గ్రావెల్ సైకిల్‌ని కాంక్రీటు మీద తొక్కడమంటే, నాగలి కొని షోకేసులో పెట్టుకున్నట్టే. అసలు మొరం బాటలు మా ఊరి చుట్టూనే ఉన్నాయని ఒక దసరా సెలవుల్లో అర్థమైంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద సూర్యాపేట, కోదాడలను బస్సు కిటికీలోంచే చూసినవాళ్లకి ఈ సంగతి తెలియదు. హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే డొంకలు, చెరువు కట్టలు, బండ్ల బాటలు, మొరం రోడ్లు. కాన్సస్ వాళ్లు ఊరేగే గ్రావెల్ మనకు పుట్టినప్పట్నుంచీ ఉంది. మనం దాన్ని ‘రోడ్డు బాగా లేదు’ అంటాం, అంతే.

నాకు నచ్చిన మూడు దారులు చెప్తాను.

సూర్యాపేట: గుడి నుంచి గుట్టకి

మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది మంచిది. సూర్యాపేట నుంచి పొద్దున్నే బయల్దేరి ముందు పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు ఇక్కడున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటివి. నున్నటి నల్లరాతి స్తంభాల మధ్య కాసేపు కూర్చోండి. నామేశ్వరాలయంలో క్షీరసాగర మథనం రంగుల చిత్రం ఆనవాళ్లు కనిపిస్తాయి, తల పైకెత్తి ఓపిగ్గా వెతకాలి.

అక్కడి నుంచి చివ్వెంల వైపు పల్లె దారుల్లో వెళ్తే నేల రంగు మారుతుంది. చెరువు కింద నల్లగా ఉన్నది, మెరకకు రాగానే ఎర్రటి చెలక అవుతుంది. టైర్ల కింద గరగరమని శబ్దం మొదలవుతుంది. ఆ శబ్దం కోసమే నేనింత దూరం వస్తాను. దారిలో దురాజ్‌పల్లి పెద్దగట్టు. రెండేళ్లకోసారి ఇక్కడ లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ‘ఓ లింగా’ అని గట్టు మార్మోగిపోతుంది. జాతర రోజుల్లో మాత్రం సైకిల్ ఇంట్లో పెట్టి, నడిచే రండి.

చివర్లో ఉండ్రుగొండ. హైవే నుంచి చూస్తే చెట్లతో నిండిన గుట్టల వరస, అంతే. దగ్గరికి వెళ్తే పాత కోట గోడలు, బండరాళ్లు, లక్ష్మీనరసింహస్వామి గుడి. అడవిలో బాట ఎగుడుదిగుడుగా ఉంటుంది. బ్రేకులు ముందే చూసుకోండి. సాయంత్రం నాలుగు దాటాక లోపల ఉండొద్దు, ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మిర్యాలగూడ: మూసీ చివరి మజిలీ

రెండోది నదుల దారి. మూసీ అంటే హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే వంతెన అనుకుంటాం. అది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, మన నగరం మురికినంతా మోసుకుని, సూర్యాపేట పక్కగా వచ్చి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మొత్తం దాదాపు 240 కిలోమీటర్లు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల మధ్య నుంచి బయటపడటమే ఈ రైడ్‌లో కష్టమైన భాగం. ధాన్యం లారీలు, ఊక దుమ్ము. అందుకే తెల్లవారకముందే వెళ్లిపోవాలి. అద్దంకి రోడ్డు వదిలి, దామరచర్ల వైపు పొలాల మధ్య దారులు పట్టుకుంటే హాయి. కోతల కాలంలో అయితే రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. దయచేసి వాటి మీదుగా తొక్కకండి. అది ఒకరి ఆరు నెలల కష్టం. పైగా వడ్ల మీద టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. రెండు రకాలుగా నష్టమే.

వాడపల్లిలో అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. లింగం పైన ఒక గుంటలో నీళ్లుంటాయి, ఎంత తీసినా తగ్గవని అక్కడివాళ్లు చెప్తారు. బోయవాడి నుంచి తప్పించుకున్న పిట్టను కాపాడటానికి శివుడు తన తలనే ఇచ్చాడని కథ. గుడి దగ్గర నిలబడితే రెండు నదులూ కలిసే చోటు కనిపిస్తుంది. మొదటిసారి అక్కడ నిలబడినప్పుడు నాకు సిగ్గేసింది. గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంట్ డ్రైనేజీ ఎక్కడికి పోతుందో అంతకుముందెప్పుడూ ఆలోచించలేదు. నగరం వదిలిన ఆ నీళ్లతోనే ఈ దారి పొడవునా ఎంతోమంది వరి పండిస్తున్నారు.

మూసీకి అవతలి ఒడ్డున, నేరేడుచర్ల వైపు నుంచి వెళ్తే జాన్‌పహాడ్ దర్గా. జనవరిలో సైదులు బాబా ఉర్సు. హిందువులు, ముస్లింలు కలిసే వస్తారు. ఉర్సు రోజుల్లో ఆ దారి మొత్తం జనమే. మిగతా రోజుల్లో మీరూ, మేకలూ, గాలీ.

కోదాడ దక్షిణం: రోడ్డు నీళ్లలోకి వెళ్లే చోటు

మూడోది కాస్త గట్టివాళ్లకి. కోదాడ నుంచి హుజూర్‌నగర్, అక్కడి నుంచి మఠంపల్లి, మట్టపల్లి వైపు. ఇక్కడ నేల కింద సున్నపురాయి. అందుకే ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. క్వారీ లారీల దారుల్లో తెల్లటి పొడి పిండిలా ఎగురుతుంది. ఆ దారులు తప్పించి, అటవీ భూముల పక్కనుంచి కృష్ణ వైపు దిగితే మట్టపల్లి లక్ష్మీనరసింహుడి గుడి, పక్కనే నది.

ఇంకా తూర్పుకు, చింతలపాలెం వైపు వెళ్తే మ్యాపుని నమ్మొద్దు. ఒకసారి నా ఫోన్ ‘నేరుగా వెళ్లండి’ అంటోంది. ముందు తారు రోడ్డు మెల్లగా వంగి నీళ్లలోకి దిగిపోయింది. అవతల మోడువారిన చెట్ల తలలు. పులిచింతల ప్రాజెక్టు బ్యాక్‌వాటర్ అది. డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని పేరు, 45.77 టీఎంసీల సామర్థ్యం. 2013లో జాతికి అంకితం చేశారు. కృష్ణా డెల్టా పొలాలకు సకాలంలో నీళ్లందాలని కట్టారు. దానికోసం ఇటువైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ రోడ్డు అంచున చేపలు పడుతున్న ఒకాయన్ని ‘ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?’ అని అడిగాను. ‘మా ఇంటికి’ అన్నాడు. నీళ్ల వైపే చూస్తూ వల సర్దుకున్నాడు. నేనింకేమీ అడగలేకపోయాను.

ఇక ఆ శనివారం సంగతి

ఇప్పుడు కాలువ కట్ట దగ్గరికి వద్దాం. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలను కలిపేది ఆ కాలువే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడిది జవహర్ కాలువ, ఎడమది లాల్ బహదూర్ కాలువ. ఎడమ కాలువ తల దగ్గర 11 వేల క్యూసెక్కులు పారేలా తవ్వారు. నీళ్లు వాటంతటవే నడవాలి కాబట్టి, కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్ల వాలు మాత్రమే ఇస్తూ, గుట్టల పాదాల వెంబడి మెలికలు తిప్పుకుంటూ తీసుకొచ్చారు. అందుకే నీళ్లు పారే దిక్కుగా నిలబడితే ఎడమ పక్క మెరక చెలకలు, కుడి పక్క పచ్చటి వరి. సైకిల్ వాళ్లకి దీనర్థం ఒకటే. ఎంత దూరం తొక్కినా ఎత్తు లేదు. మే నెలలో నేను ‘ఈజీ’ అని రాయడానికి కారణం కూడా అదే.

శనివారం ఆరింటికి కట్ట ఎక్కాను. మంచు. కాలువ కట్ట అంచులకు ఒక మనిషి ఎత్తు కిందుగా పారుతోంది, చప్పుడు లేకుండా. మే నెలలో అడుగు కనిపించిన కాలువ ఇదేనా అనిపించింది. మొదటి పది కిలోమీటర్లు ఏమీ కాలేదు. ఒక మలుపు దగ్గర, పొలం దున్ని కట్ట ఎక్కిన ట్రాక్టర్ కేజ్‌వీల్స్ బురద గడ్డల్ని దారంతా రాల్చి పోయింది. నల్లరేగడి. మంచుకి తడిసి వెన్నలా ఉంది. ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు పోయింది.

పడ్డాను. సైకిల్ నా మీద. ఒక కాలు కట్ట అంచు దాటి కిందికి వేలాడుతోంది. చేతికి గడ్డి దుబ్బు దొరికింది. అరడుగు దూరంలో కాంక్రీటు వాలు, దాని కింద నీళ్లు. లేచి వెనక్కి జరగడానికి పట్టింది పది సెకన్లేమో. నాకు మాత్రం అప్పట్నుంచీ ఆ పది సెకన్లు అయిపోలేదు.

‘ఏ... ఏమైంది తమ్మీ?’ అని ఎవరో అరిచారు. తలకు తువ్వాలు, చేతిలో కట్టె, పక్కన పాత మోపెడ్. కాలువ లష్కర్. తూములు చూసుకుంటూ, ఎక్కడ కట్ట నెర్రెలు విచ్చిందో, ఎక్కడ నీరు ఊరుతోందో కనిపెట్టుకుంటూ తిరిగే మనిషి.

‘ఈతొస్తదా?’ అన్నాడు, నా మోకాలు చూసి.

‘వస్తది కాకా.’

‘వచ్చినా ఎక్కలేవు.’ కట్టెతో కాంక్రీటు వాలు చూపించాడు. నీటి అంచు పొడవునా ఆకుపచ్చటి పాచి. ఎక్కడా పట్టు లేదు. ‘మెట్లున్న కాడికి పోయేదాకా చేతులు ఆగయి.’ ఒక ఎండు కంప విరిచి నీళ్లలో వేశాడు. మెల్లగా పారుతున్నట్టు కనిపించే కాలువ ఆ కంపను తీసుకుని, నేను వేగంగా నడిచినా అందనంత వేగంతో పోయింది.

2019లో చాకిరాల దగ్గర, స్నేహితుడి పెళ్లికి వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్ల కారు ఇదే కాలువలో పడింది. ఆరుగురు పోయారు. నాకు గుర్తుంది, అప్పుడు ఫోన్‌లో వార్త చదివి స్క్రోల్ చేసేశాను. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకి కాగిత రామచంద్రాపురం దగ్గర కట్టే తెగి, నీళ్లు పొలాల మీద పడ్డాయి. ఆ రోజు కోదాడలో మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. ఆ కట్ట గట్టిగా ఉంటేనే కింద ఊళ్లు నిద్రపోతాయి. దాన్ని నేను ఒక సైకిల్ ట్రాక్‌గా మాత్రమే చూశాను.

రేపు ఏడుగురు పిల్లలు వస్తున్నారని కాకాకి చెప్పాను. ‘పిల్లలను ఈడికి తేకు’ అని వెంటనే అన్నాడు. ఆగి, కట్ట కిందికి చూపించాడు. ‘గా డొంక లేదా? మా నాయిన బండి తోలిన బాట. పొలాల నడుమ ఊరూరా తిరిగి పోతది. దూరమైతది గాని, పడితే బురదల పడ్తరు.’

మిగతా దారంతా ఆ డొంక మీదే తొక్కి చూశాను. రెండు చోట్ల దిగి నడవాలి. ఒక వాగు దగ్గర సైకిల్ భుజాన వేసుకోవాలి. కట్ట దారి కంటే ఆరు కిలోమీటర్లు ఎక్కువ. కొంగలు, నాట్ల పాటలు, కంది చేలు, ప్రతి ఊళ్లో చాయ్. నిజం చెప్పాలంటే కట్ట కంటే ఇదే బాగుంది.

ఆదివారం

ఏడుగురూ వచ్చారు. ఇంజినీరింగ్ సెకండియర్ పిల్లలు. నాలుగు గేర్ సైకిళ్లు, రెండు మామూలువి. ఒకడు మాత్రం వాళ్ల నాన్న పాల క్యాన్లు కట్టే నల్ల సైకిల్ మీద వచ్చాడు. నేను డొంక రూట్ పంపినప్పుడు ఒకడు ‘కట్ట మీద రీల్స్ మంచిగొస్తయ్ అన్నా’ అని గునిశాడు. నా మోకాలి ఫొటో పంపాను. మళ్లీ మాట్లాడలేదు.

సగం దారిలో నా ముందు టైరులో పల్లేరు కాయలు దిగాయి. ఒకటి కాదు, పదకొండు. లోపలి ద్రవం బుసబుసమని కారుతూ ఉంటే అందరూ చుట్టూ నిలబడి చూశారు. పాల సైకిల్ కుర్రాడు మాత్రం పంచర్ లేకుండా నలభై కిలోమీటర్లు పూర్తి చేశాడు. కాబట్టి లక్ష లేదని ఆగిపోకండి. వెడల్పు టైర్లున్న ఏ సైకిలైనా చాలు. గాలి కాస్త తక్కువ కొట్టండి, పంపు, అతుకులు, రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఏప్రిల్ వస్తే ఇక్కడి ఎండ మనిషిని నిలబెట్టి ఆరేస్తుంది. హెల్మెట్ తప్పనిసరి. ఒంటరిగా వెళ్తుంటే ఇంట్లో రూట్ చెప్పి వెళ్లండి.

యాప్‌లో పాత ట్రాక్ తీసేశాను. కొత్తదాని కింద ఇలా రాశాను: ‘జనవరిలో తొక్కినది. కాలువలో నీళ్లున్నప్పుడు కట్ట ఎక్కొద్దు. డొంక మీదే వెళ్లండి.’ ‘ఈజీ’ అన్న మాట ఏ రూట్ కిందా రాయడం లేదు. ఏ నెలలో, ఎలాంటి నేల మీద తొక్కానో మాత్రమే రాస్తున్నాను.

తిరిగి వస్తుంటే లష్కర్ కాకా కట్ట మీద నిలబడి చెయ్యి ఊపాడు. మోపెడ్ దిగి వచ్చి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. అందరూ అడిగేదే అడిగాడు: ‘ఎంత పడ్డది?’

పన్నెండు వేలు అని నోటిదాకా వచ్చింది. నిన్న నా కోసం పరిగెత్తుకొచ్చిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

‘లక్షా పాతిక వేలు కాకా.’

ఆయన హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు. దేనికోసమో వెతికాడు.

‘గన్ని పైసలు పెట్టి కొన్నవ్... బెల్లు లేకపాయె!’

పిల్లలు పడీ పడీ నవ్వారు. సాయంత్రం కోదాడలో సైకిల్ షాపుకి వెళ్లి బెల్లు పెట్టించాను. నలభై రూపాయలు. మొన్న మళ్లీ ఆ డొంక మీద వెళ్తూ కట్ట వైపు చూసి రెండుసార్లు కొట్టాను. పైనుంచి మోపెడ్ హారన్ వినిపించింది.